లింగాలకు లోకమెంత దూరము?

కోస్తా జిల్లాలలో బత్తాయి యనెడి పండును పులివెందుల సీమలో చీనీ యందురు. బత్తాయి యను మాట జావాద్వీపమున డచ్చివారు కట్టుకొన్న బటావియా నగరము పేరునుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఆ నగరమే నేటి జకార్తా. చీనీ యను మాటలో చీనాదేశము ప్రత్యక్షముగనే కనబడుచున్నది. పండు ఒక్కటే, ఒకచోట జావా పేరు, ఇంకొకచోట చీనా పేరు. లింగాల రైతు తన తోట గట్టుమీద నిలిచి, ఈ యేడు చీనీకాయ టన్ను ఎంత పలుకునోయని లెక్కవేసికొనునప్పుడు రెండు దేశముల చరిత్రను నోట పలుకుచున్నానని యెరుగడు. ఎరుగకపోవుట అతని తప్పు కాదు. అతనికి చెప్పినవారు లేరు.

ఆ తోట ప్రక్కచేనిలోని శనగకాయ దక్షిణ అమెరికాలో పుట్టిన పంట. వాకిట ఎండబోసిన మిరపకాయయు, పెరటిలోని బొప్పాయియు ఆ పడమటి ఖండములనుండి ఓడలెక్కి వచ్చినవే. శ్రీకృష్ణదేవరాయల తాతలనాడు ఈ సీమ కూరలలో మిరపకాయ లేదు. కారమునకు మిరియమే గతి. రాయలసీమ వంటకు ప్రాణమని అందరును చెప్పుకొను కారమే విదేశపు వస్తువైనప్పుడు, విదేశపు సంగతులు ఈ ఊరికి పరాయివని చెప్పుట ఎట్లు?

లింగాల వంటి మండలగ్రామమున నెలకొకనాడు ప్రపంచ వ్యవహారములను గూర్చియు, దేశదేశముల సంస్కృతిని గూర్చియు తెలుగులో ఉపన్యాసములు జరుగవలెనని ఎవరైన సూచించినచో, వెంటనే వినవచ్చు సమాధానము అందరెరిగినదే. పల్లెకు కావలసినది నీరు, దారి, గిట్టుబాటు ధర. ఉక్రెయిను గొడవ, ఇరాను గొడవ ఇచ్చట ఎవరికి కావలెనని యడుగుదురు. ఇట్లు అడుగువారు పల్లె హితమును కోరువారే. కాని పల్లెను సరిగా చూచినవారు కారు. వారు ముందు చెప్పిన నీటి సంగతినే చూడవచ్చును. లింగాల మండలములోని పార్నపల్లెయొద్ద జలాశయమును నింపవలసిన చిత్రావతి, కర్ణాటకములో చిక్కబళ్లాపురము ప్రాంతమున పుట్టి, బాగేపల్లి, పుట్టపర్తి మీదుగా వచ్చి, గండికోట చెంత పెన్నలో కలియుచున్నది. ఆ యేటి నీరు చాలనందున తుంగభద్ర నీటికొరకును, కృష్ణ నీటికొరకును ఎదురుచూడవలసి వచ్చినది. తుంగభద్ర ఆనకట్ట ఉన్నది కర్ణాటకములో. 2024 ఆగష్టులో ఆ ఆనకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు, దానిని ఎన్నడును చూడని రైతుల గుండెలు గూడ అదరినవి. కృష్ణ సంగతి చెప్పవలెనన్నచో నాలుగు రాష్ట్రముల వ్యాజ్యము చెప్పవలెను. తన కాలువలోని నీరు ఎక్కడ బయలుదేరి, ఎవరెవరి చేతులు దాటి వచ్చుచున్నదో తెలియనివానికి నీరు దొరకినప్పుడు దైవకృప, దొరకనప్పుడు దైవాగ్రహము. మధ్యనున్న మనుష్యుల సంగతి తెలియదు.

ఈ సీమకు లోకముతో పొత్తు నిన్న మొన్న కలిగినది కాదు. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టవెర్నియే, గోలకొండ సేనాని మీర్ జుమ్లాను చూచుటకై గండికోటకు వచ్చెను. జమ్మలమడుగు విద్యార్థి సెలవుదినమున విహారమునకు పోయి చూచి వచ్చెడి ఆ పెన్నలోయ అంచున, మూడువందల డెబ్బది యేండ్లకు మున్నే ఐరోపా వజ్రముల బేరము నడచినదన్నమాట. అంతకంటె విచిత్రమైనది దత్తమండలముల కథ. 1798లో నెపోలియను ఈజిప్టులో దిగెను. ఫ్రెంచివారు టిప్పుసుల్తానుతో చేయి కలుపుదురని గవర్నరు జనరలు వెల్లెస్లీకి భయము పట్టుకొనెను. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయెను. టిప్పునుండి 1792లోను, 1799లోను తన వంతుకు వచ్చిన భూములను, కంపెనీ సైన్యపు ఖర్చుక్రింద 1800లో నిజాము ఇంగ్లీషువారికి వదలుకొనెను. కడప సీమ వారి చేతికి పోయినది అట్లే. ఆ యేడే థామసు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉండి, పొలము పొలమును కొలిపించి శిస్తు కట్టించెను. నైలునది ముఖమున పేలిన ఫిరంగుల ధ్వని కొలదికాలములోనే పులివెందుల సీమ కరణముల లెక్కలలో వినవచ్చినది.

పాఠశాలలో నెపోలియను ఒక పాఠము, మన్రో వేరొక పాఠము. ఒకటి ప్రపంచ చరిత్రలోనిది, ఇంకొకటి దేశ చరిత్రలోనిది. రెండింటి నడుమ పుస్తకమున కొన్ని పుటల దూరమున్నది. పరీక్షలో వేర్వేరు ప్రశ్నలు వచ్చును. ఈ రెండును ఒక్క కథయేనని ఒక సాయంకాలము కూర్చుండబెట్టి చెప్పినచో, పదవ తరగతి బాలుడు ఆ రాత్రి తన ఊరిని వేరు కన్నులతో చూచును. ఉపన్యాసము చేయగల పని ఇదియే. పాఠ్యపుస్తకము విడదీసినదానిని అది కలుపగలదు.

పాతకథలను అట్లుంచినను, నేటి కడప సీమలో లోకము వచ్చి తలుపు తట్టని యిల్లు ఏది? ఈ జిల్లానుండి కువైటునకు పోయినవారు వేలకొలది. పురుషులే కాదు, ఇంటిపనులకై పోయిన స్త్రీలును అసంఖ్యాకముగ నున్నారు. 1990 ఆగష్టు 2వ తేదీన ఇరాకు సైన్యములు కువైటులో ప్రవేశించినప్పుడు, కడప సీమ పల్లెలలో అన్నము ముట్టక రేడియో ముందు కూర్చున్న తల్లులు ఎందరో. ఆ యేడు భారత ప్రభుత్వము విమానములలో స్వదేశమునకు చేర్చినవారు 1,70,000 మందికి పైగానే. వారిలో తెలుగువారి భాగము తక్కువది కాదు. ఆ దినములలో సద్దాం హుస్సేను పేరు తెలియని ముసలమ్మ లేదు; కాని ఆ యుద్ధమేల వచ్చినదో, రెండు దేశముల నడుమ నూనె తగవేమిటో, ఋణపు తగవేమిటో చెప్పినవారును లేరు. 1961 వరకు కువైటు అంగళ్లలో చెల్లినది రూపాయయే యనుసంగతి, దినారుల లెక్కను వ్రేళ్లమీద చేయగల కుటుంబములలోనే ఎందరికి తెలియును? ఒకనాడు మన రూపాయ అక్కడికి పోయెను. నేడు అక్కడి దినారు ఇక్కడికి వచ్చుచున్నది. ఈ తిరుగుడు ఎట్లు జరిగినదో చెప్పుటకు రెండు గంటలైనను చాలవు.

కడప సీమలోని మంగంపేట ముగ్గురాయి సంగతి ఇటువంటిదే. బెరైటీసు అని వ్యవహరించు ఆ రాతి బరువు నీటికి నాలుగున్నర రెట్లు. ఎక్కడనో ఎడారిలో, సముద్రమధ్యమున నూనెబావి త్రవ్వునప్పుడు, భూగర్భమునుండి పైకి తన్నుకొనివచ్చు వాయువును అణచిపెట్టుటకు ఈ రాతిపొడిని బురదలో కలిపి బావిలోనికి దింపుదురు. ప్రపంచములో నూనె ధర పడిపోయి త్రవ్వకములు తగ్గినచో మంగంపేటలో లారీలు ఆగును. లింగాలకు ఇంకను సమీపమున, వేముల మండలములోని తుమ్మలపల్లెలో యురేనియపు గని యున్నది. దానికి 2007లో శంకుస్థాపన జరిగినది. 2012లో ఉత్పత్తి ప్రారంభమైనది. అచ్చట 49,000 టన్నుల నిలువలు నిర్ధారణమైనవనియు, అవి 1,50,000 టన్నులకు చేరవచ్చుననియు 2011లో అణుశక్తి సంఘాధ్యక్షులు ప్రకటించిరి. గని వ్యర్థములవలన తమ బావులు, తోటలు చెడుచున్నవని చుట్టుపట్ల రైతులు మొరపెట్టుచున్నారు. కాదని సంస్థవారు చెప్పుచున్నారు. అణువన నేమి, వికిరణమన నేమి, ఇతర దేశములలో ఇట్టి గనుల చుట్టునున్న పల్లెలు ఏమైనవి, 2008లో అమెరికాతో జరిగిన అణు ఒప్పందమునకును ఈ రాతికిని సంబంధమేమి? ఇవి వేములవారికి, లింగాలవారికి ప్రపంచ వ్యవహారములా, ఇంటి వ్యవహారములా? తెలిసినవాడు చెప్పక, తెలియనివాడు అరచుచుండగా, గిట్టనివాడు అంతయు పుకారనుచుండగా, ఆ పల్లెలవారు ఎవరి మాట నమ్మవలెను?

2020 జనవరిలో తాడిపత్రినుండి ముంబయి చెంతనున్న నౌకాశ్రయమునకు అరటిపండ్లకై ప్రత్యేకముగ ఒక రైలు నడచినది. పశ్చిమాసియా అంగళ్లకు పోవు పండ్లవి. నాటినుండి పశ్చిమాసియాలో తుపాకి పేలినచో అరటి గెల వెల మారుననుట ఉపమానము గాక లెక్కయైనది. 2025 ఆగష్టులో అమెరికా భారతీయ వస్తువులపై సుంకమును నూటికి యాభైవరకు పెంచినప్పుడు కోస్తా రొయ్యల చెరువులవారు మొత్తుకొనిరి. నేడు రొయ్య, రేపు అరటి.

వార్తలన్నియు చేతిలోని ఫోనులోనే యుండగా ఉపన్యాసమెందుకను ప్రశ్నకు బలమున్నది. దానిని తోసివేయరాదు. నిజముగ ఇరువది యేండ్ల క్రిందటికంటె నేటి పల్లెయువకుడు లోకపు వార్తలు అధికముగనే వినుచున్నాడు. కాని వార్తయు, అర్థమును ఒకటి కావు. ఫోనులో వచ్చు సంగతి వచ్చినంత వేగముగనే పోవును. దానికి ముందేమి జరిగినదో అది చెప్పదు. చూచువాడు తిరిగి ప్రశ్నించినచో బదులు పలుకదు. అంతకంటె పెద్ద కీడు, చూచువాని ఇష్టమును కనిపెట్టి, అతడు ముందే నమ్మినదానినే మరల మరల చూపును. ఎదుట నిలిచిన మనిషి అట్లు కాదు. అతడు తప్పు చెప్పినచో సభలో నొకడు లేచి, అయ్యా, మీరన్నది సరికాదని చెప్పగలడు. ఆ మాట విని నలుగురు తలయెత్తి చూతురు. ఈ నిలువరింపు ఫోనులో లేదు.

నలుగురు కూడి ఒకడు చెప్పగా వినుట ఈ దేశమునకు క్రొత్తది కాదు. పురాణ కాలక్షేపము, హరికథ ఉండనే యున్నవి. తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధము మధ్య జుట్టుపోలిగాడును, బంగారక్కయు వచ్చి ఊరి సంగతులు, దొరల సంగతులు కలిపి నవ్వింతురు. బుర్రకథలో నొక వంత హాస్యమునకు, ఇంకొక వంత రాజకీయమునకు. అనగా కథలోనికి లోకవార్తను చొప్పించుటకు ఒక మనిషిని ప్రత్యేకముగ నియమించుకొన్న జాతి యిది. ప్రపంచోపన్యాసమని పేరు పెట్టగనే ఇది పట్నపు వింతయని బెదరుట ఎందులకు?

ఉపన్యాసమునకు ఎంత బలముండునో తెలిసికొనుటకు 1907వ సంవత్సరము రాజమహేంద్రవరమును చూడవలెను. ఆ యేడు ఏప్రిలు నెలలో బిపిన్ చంద్ర పాలు వంగదేశమునుండి వచ్చి గోదావరి యొడ్డున ఉపన్యసించెను. ఆయన పలికినది ఇంగ్లీషు. చిలకమర్తి లక్ష్మీనరసింహము ప్రక్కన నిలిచి దానిని తెనుగు చేసెను. చరిత్రకారులు పాలు వాగ్ధాటిని గూర్చి విశేషముగ వ్రాయుదురు. సభలో కూర్చున్న సామాన్యుని చెవిని పడినది మాత్రము చిలకమర్తి తెలుగే. ఆ ఉద్యమపు దినములలో వందేమాతర ముద్రలు ధరించినందులకు కళాశాలనుండి వెళ్లగొట్టబడినవారిలో, అక్కడి ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విద్యార్థి యొకడుండెను. ఆయన కర్నూలువాడు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ఉద్యోగము పోయినది, రాకమునుపే. ఆయన అదే యేడు విజ్ఞానచంద్రికా మండలి మొదటి గ్రంథముగ అబ్రహాము లింకను చరిత్రమును తెలుగున వెలువరించెను. మరుసటి యేడు రాజద్రోహ నేరముపై చెరసాలకు పోయెను. తరువాతి దశాబ్దములలో గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును ఆయువు ధారపోసెను. రాయలసీమ ఉపాధ్యాయులు ఈయనను తమవానిగ చెప్పుకొనుట తక్కువ. చెప్పుకొనదగినవాడు. అమెరికాలో బానిసలను విడిపించినవాని కథ తెలుగువానికెందుకని ఆయనను అప్పుడెవ్వరైన అడిగియుందురా?

కోస్తా జిల్లాలలో ఇట్టి ప్రయత్నములు మెండుగ జరిగినవి. 1935లో పాతూరి నాగభూషణము కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవలో గ్రంథాలయమును నడిపెను. నిడుబ్రోలులో రంగాగారి రైతాంగ విద్యాలయముండెను. 1937 వేసవిలో ఒంగోలు చెంత కొత్తపట్నమున రాజకీయ పాఠశాల నడచుచుండగా ప్రభుత్వము దానిని నిషేధించి, వినవచ్చిన యువకులపై పోలీసులను పంపెను. సముద్రతీరపు పల్లెలో పందిరిక్రింద కొందరు కుర్రవారు కూర్చుండి లోకపు సంగతులు వినుటయే ఒక సామ్రాజ్యమునకు సహింపరానిదైనది. లింగాలకు కాలువ పడవ రాలేదు. రాయలసీమలో పడవ నడచు కాలువలే లేనప్పుడు ఎట్లు వచ్చును? గ్రంథాలయోద్యమమంతయు నీరున్నచోటనే పారినదని పరిహాసముగ ననవచ్చునుగాని, అందులో సత్యము లేకపోలేదు. పంట మిగులున్న గ్రామము పుస్తకము కొనును. కరవు గ్రామము ధాన్యము కొనును.

ఐనను కరవుసీమ కన్నవారు తక్కువవారు కారు. లింగాలకు పొరుగైన సింహాద్రిపురము ప్రాంతమున పైడిపాళెము అను గ్రామమున్నది. 1922లో ఆ గ్రామమున పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డి, మాస్కో నగరములోని ప్రచురణాలయమున అనువాదకుడుగ పనిచేసి రష్యను గ్రంథములను తెలుగు చేసెను. ఆ నగరమునుండి వచ్చిన తెలుగు పుస్తకములు ఎంత స్వల్పమైన వెలకు ఎన్ని పల్లెలకు చేరినవో నడివయస్సు దాటిన ఉపాధ్యాయులకు జ్ఞాపకముండును. ఆ యనుభవమునుండి ఆయన వ్రాసిన అనువాద సమస్యలు అను గ్రంథమునకు 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. ఆయన రాజకీయములతో ఏకీభవింపనివారు సైతము ఆయన తెలుగు వాక్యమును కాదనలేరు. పరాయిభాషలోని భావమును తెలుగువానికి తెలుగులో ఎట్లు చెప్పవలెనో జీవితమంతయు తర్కించిన మనిషి ఈ ఎర్రనేల బిడ్డ. లింగాల సభలో లోకమును గూర్చి చెప్పబూనువాడు మొదట ఆ పుస్తకమును చదివి రావలెను.

ఏలయన, ఇట్టి ఉపన్యాసములు చెడునది సామాన్యముగ భాషవలననే. వార్తాపత్రికల తెలుగు సగము సంస్కృతము, సగము ఇంగ్లీషు. ఆంక్షలు విధించిరి, ద్రవ్యోల్బణము పెరిగినది, ద్వైపాక్షిక చర్చలు జరిగినవి అని దినమును వినువాడు, వాని అర్థమడిగినచో నోరు తెరచును. ఆంక్షలన నేమి? ఊరిలో నొకనిని వెలివేసి, వానికి నిప్పు నీరు ఇయ్యరాదని, వాని సరకు కొనరాదని కట్టుబాటు చేయుటయే. అట్లు చెప్పినచో ముసలిరైతు తక్షణమే గ్రహించును. గ్రహించుటయే కాదు, ఆ కట్టుబాటు చేయు పెద్దలెవరు, వారు చేసిన తప్పునకు వెలివేయువారెవరు అని ఎదురు ప్రశ్న వేయును. ఆ ప్రశ్న ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలోని అయిదు శాశ్వత సభ్యదేశములను గూర్చినదని అతనికి తెలియకపోవచ్చును. ఆ సంగతి చెప్పుటకే ఉపన్యాసకుడు వచ్చినది. లింగాలలో తెలుగున చెప్పలేని ప్రపంచ విషయము చెప్పువానికే సరిగా తెలియలేదనుకొనవలెను.

రెండవ చేటు సభామర్యాద. తెలుగుదేశపు సభలలో వేదికమీద కూర్చుండువారి సంఖ్య ఒక్కొకసారి క్రింద కూర్చుండువారి సంఖ్యతో పోటీపడును. అధ్యక్షుని పలుకులు, ముఖ్యఅతిథి పలుకులు, ఆత్మీయ అతిథి పలుకులు, దండలు, శాలువలు, జ్ఞాపికలు. వక్త లేచుసరికి రాత్రి ఎనిమిది. వక్తయు, సమయాభావమువలన అని మొదలుపెట్టి, తన గత సన్మానములను జ్ఞాపకము చేసికొనును. ఇట్టి సభ ఒక్కటి జరిగిన ఊరిలో రెండవ సభకు జనము రారు, రాకుండుట న్యాయము. వేదికపై నొక్క కుర్చీ, ఒక ప్రపంచపటము, ఒక నల్లబల్ల చాలును. ముప్పాతిక గంట ఉపన్యాసము. దానికి తక్కువగాని కాలము ప్రశ్నలకు. మొదటి ప్రశ్న వేయు హక్కు విద్యార్థులకే యుండవలెను. పెద్దలు మొదలుపెట్టినచో అది ప్రశ్న కాక వేరొక ఉపన్యాసమగును.

డెన్మార్కు దేశములో గ్రుంట్విగ్ అను మతాచార్యుడు పుస్తకపు విద్యకంటె సజీవమైన నోటిమాటకు ఎక్కువ విలువనిచ్చెను. ఆయన భావములనుసరించి 1844లో మొదలైన జానపదోన్నత పాఠశాలలలో, పొలముపనులు లేని చలికాలమున రైతుబిడ్డలు చేరి దేశచరిత్ర, లోకచరిత్ర, కవిత్వము విని, పాడి, వాదించి, పరీక్షలు లేకయే ఇంటికి పోవుచుండిరి. 1864లో ప్రష్యాతో యుద్ధములో ఓడి భూమి పోగొట్టుకొన్న పిదప ఆ దేశమున ఇట్టి పాఠశాలలు ఇంకను పెరిగినవి. తరువాత ఆ రైతులే పాల సహకార సంఘములు పెట్టి ఇంగ్లండు విపణిని గెలిచిరి. ఉపన్యాసము విన్నంతమాత్రమున వెన్న అమ్ముడుపోయినదని ఎవ్వరును అనరాదు. కాని విపణి ఎక్కడ నున్నదో తెలిసిన రైతుకును, దళారి చెప్పినదే విపణియనుకొను రైతుకును ఉన్న భేదము చీనీతోటల వారికి వివరింపనక్కరలేదు.

వక్తలెక్కడనుండి వత్తురనునది తేలికగ తోచును గాని తేలికది కాదు. కడపలో బ్రౌను దొర బంగళా ఉండిన స్థలమున నేడు ఆయన పేర గ్రంథాలయము, భాషాపరిశోధన కేంద్రము వెలసినవి. ఒక ఇంగ్లీషు దొర ఒక ఫ్రెంచి పాదరీ గ్రంథమున వేమన పేరు చూచి, ఆ పద్యములు వెదకి, పండితులను కూర్చి, 1829లో అచ్చువేయించిన కథకు ఆ స్థలము సాక్షి. అచ్చటి పండితులను పిలువవచ్చును. విశ్వవిద్యాలయ ఆచార్యులను పిలువవచ్చును. అమెరికాలోని డల్లాసు నగరమున తెలుగువారు నెలనెలా తెలుగు వెన్నెల పేర సాహిత్యసభలు నడుపుచు ఇప్పటికి రెండువందలు దాటించిరి. అక్కడివారు ఇంటిభాషకై నెలకొకసారి కూడుచుండగా, ఇంటనున్నవారు లోకమునకై కూడలేకపోవుట చిత్రము. సెలవులకు స్వగ్రామము వచ్చిన అట్టివానిని గూడ ఒక సాయంకాలము నిలబెట్టవచ్చును. ఐతే జీతము సంగతి కాక, ఆ దేశపు బడి, ఆ దేశపు ఎన్నిక, ఆ దేశపు నల్లవారి సంగతి చెప్పవలెనని నియమముండవలెను.

వీరందరికంటె ముందు పిలువదగినవారు వేరేయున్నారు. కువైటులో పదియేండ్లు ఇంటిపని చేసి తిరిగివచ్చిన తల్లి ఈ సీమలో ఏ ఊరిలో లేదు? ఆమె అరబ్బీ మాటలాడగలదు. ఆ యింటి వంట, పండుగ, పెండ్లి, రంజాను ఉపవాసము, యజమానురాలి దయ, యజమానురాలి కోపము, పాసుపోర్టు పెట్టెలో పెట్టి తాళము వేయుట, నెలజీతము ఇంటికి పంపు విధము, ఫిలిప్పైన్సునుండియు, సింహళమునుండియు వచ్చిన తోటి పనివారితో చేతిసైగలతో కుదిరిన చెలిమి, ఇవన్నియు ఆమెకు తెలియును. ఏ ఆచార్యునికి ఇంత ప్రత్యక్ష ప్రపంచజ్ఞానమున్నది? కాని ఊరు ఆమెను ఎంత తెచ్చితివమ్మా యని అడిగినదేగాని, ఏమి చూచితివమ్మా యని అడుగలేదు. ఆమె వేదిక ఎక్కుటకు సిగ్గుపడును. వేదిక తీసివేసి, అందరును చాపలపై కూర్చుండవచ్చును. ఉపాధ్యాయుడు ప్రక్కన నుండి, ఆమె చెప్పిన ఊళ్లను పటముమీద చూపుచు, ఆమె చెప్పిన చట్టమునకు పేరేమో, అక్కడి పనివారికి స్వదేశ రాయబార కార్యాలయము ఏమి చేయగలదో జోడించినచో చాలును. ఆ సభకు వచ్చిన ఆడవారిలో మరుసటి నెలలో విమానమెక్కవలసినది ఒకతె యుండవచ్చును. దళారి మాట ఒక్కటే వినియున్న ఆమె, అక్కడికి పోయివచ్చిన మనిషి మాటయు విని, కాగితముపై సంతకము చేయుటకు మున్ను అడుగవలసిన ప్రశ్నలు మూడో నాలుగో నేర్చుకొని పోవును.

ఈ పనికి పెద్ద ద్రవ్యము అక్కరలేదు. ఇంటిపన్నులో రూపాయకు కొన్ని పైసల వంతున గ్రంథాలయపు పన్ను చెల్లించుచున్న ప్రజలకు గ్రంథాలయమునుండి దినపత్రిక కాక ఇంకేదైన అడుగుటకు హక్కున్నది. ఏటేట నవంబరు 14 మొదలు 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగుచున్నవి. బాలురకు పోటీలు పెట్టి బహుమతులిచ్చి ముగించుట వాడుక. ఆ వారమునందే ఒక ఉపన్యాసముతో ఆరంభించి, తక్కిన పదునొకండు నెలలకు పొడిగించుట కష్టము కాదు. రాజకీయపక్షములవారిని శ్రోతలుగ రానీయవలెను, కర్తలుగ రానీయరాదు. పులివెందుల సీమలో ఈ నియమము పాటించుట ఎంత కష్టమో చెప్పనక్కరలేదు గనుకనే దీనిని మొదటి దినముననే వ్రాసిపెట్టుకొనవలెను. కర్తృత్వము ఉపాధ్యాయులదైనచో ఉభయపక్షముల పిల్లలును వారి తరగతిలోనే యున్నారు గనుక కొంత రక్షణ.

ఆడవారు రావలెనన్నచో రాత్రి సభ పనికిరాదు. ఆదివారము మధ్యాహ్నము మూడు గంటలు మేలు. చీనీ కోతల దినములలోను, శనగ విత్తు దినములలోను వాయిదా వేయక తప్పదు. చెట్టుక్రింద కూర్చున్నచో గాలికి పటము నిలువదు గనుక పాఠశాలలోని పెద్దగదియే కావలెను. ఆదివారమునాడు పాఠశాల తాళపుచెవి ఎవరియొద్ద నుండునో, ఆయన ఊరికి పోయినచో ఎవరికిచ్చి పోవునో, ఇది మాత్రము ముందుగనే తేల్చుకొనవలెను. మొదటి సభకు వచ్చినవారు మూసిన గేటు చూచి తిరిగిపోయినచో, రెండవ సభకు వారిని పిలుచుటకు ఎవరికిని ముఖము చెల్లదు.